పాత కామ్కో పవర్ టిల్లర్: బాగు చేయించి, కొబ్బరి తోటలో ఏళ్ల తరబడి వాడాక

కొబ్బరిలో కోకో, అరటి కలిపి వేసుకున్న తోటకి పాత పవర్ టిల్లర్ (వెనక నడుస్తూ హ్యాండిల్ పట్టుకుని దున్నే రెండు చక్రాల బండి) కొని బాగు చేయించుకోవడం ఇప్పటికీ మంచి బేరమే. ఒక్క షరతు ఉంది. గేరు బాక్సు పెట్టె, ఇంజిన్ బ్లాకు చెక్కుచెదరకుండా ఉండాలి. ఈ రెండూ బాగుంటే మిగతా బండికి ఎంత తుప్పు పట్టినా భయపడక్కర్లేదు. వీటిలో ఒక్కటి పగిలి ఉన్నా, పైన కొత్త రంగు ఎంత మెరుస్తున్నా, పాత ఇనుము ధరకే అడగండి.

నాది కామ్కో కేఎంబీ 200. కామ్కో కేరళ ప్రభుత్వ సంస్థ. 1973లో ఎర్నాకుళం జిల్లా అత్తాణిలో మొదలైంది. డిజైన్ జపాన్ కుబోటా వాళ్లది. 12 హార్స్ పవర్ డీజిల్ ఇంజిన్, నీళ్లతో చల్లబడేది, ఒకటే సిలిండరు, అదీ అడ్డంగా పడుకుని ఉంటుంది. హ్యాండిల్ వేసి తిప్పితేనే స్టార్టవుతుంది. నేను చూసేసరికి ఓ పశువుల పాకలో కొబ్బరి మట్టల కింద పడి ఉంది. ఫ్లైవీల్ కదలడం లేదు, ట్యాంకులో డీజిల్ జిగురైపోయింది, టైర్లు పగుళ్లిచ్చాయి. కానీ పెట్టె మీద ఎక్కడా వెల్డింగ్ మచ్చ లేదు. బేరం అక్కడే కుదిరింది.

అమెరికాలో కొందరు 1961 నాటి కబ్ క్యాడెట్‌లు, 1963లో వచ్చిన జాన్ డీర్ 110 లాంటి తోట ట్రాక్టర్లని సరదా కోసం బాగు చేసుకుంటారు. అసలు రంగే కావాలి, అసలు స్టిక్కరే కావాలి అని పట్టుబడతారు. మన దగ్గర ఆ సరదాకి చోటు లేదు. సోమవారం బండి లేతు షాపు నుంచి వస్తే మంగళవారం తోటలో దిగాలి. అందుకని నేను ఇక్కడ రంగు గురించి ఏమీ రాయను. (మా బండికి గేటుకి వేయగా మిగిలిన ఆకుపచ్చ వేశాం. చూడ్డానికి బానే ఉంది.)

ఇక పార్టుల సంగతి. పాత బండి అనగానే అందరూ అడిగేది "పార్టులు దొరుకుతాయా?" అనే. బండి పార్టుల్ని రెండు రకాలుగా చూడండి. ఒంటి మీద నంబరున్నవి, లేనివి. బేరింగులు, ఆయిల్ సీళ్లు, వి బెల్టులు, బోల్టులు నంబరున్నవి. వీటికి టిల్లర్ కంపెనీతో పనే లేదు. బేరింగు మీద 6205 అని ఉంటే లోపల 25, బయట 52, మందం 15 మిల్లీమీటర్లు. 6206 అయితే 30, 62, 16. ఏ దేశంలో, ఏ కంపెనీ చేసినా అదే కొలత. ఆయిల్ సీలు మీద కూడా వరసగా మూడు అంకెలుంటాయి: లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. అంకెలు అరిగిపోతే వెర్నియర్‌తో షాఫ్టునీ, సీలు కూర్చునే గుంటనీ కొలిచి రాసుకెళ్లండి. "టిల్లర్ సీలు ఇవ్వండి" అని అడిగితే ఒక ధర, అంకెలు చెప్పి అడిగితే ఇంకో ధర. ఇది నేను చాలా కొట్ల దగ్గర చూశాను.

ఈ సరుకు కోసం నేను విజయవాడ ఆటోనగర్ దాకా వెళ్లడం మానేశాను. భీమవరం, ఆకివీడు వైపు చేపల, రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి పట్టించడానికి రాత్రీ పగలూ తిరిగే ఏరేటర్ల పుణ్యమా అని అక్కడి కొట్లలో బేరింగులూ సీళ్లూ దొరకని సైజు లేదు. ఏరేటర్ గేరు బాక్సుకి పట్టే సరుకులో చాలావరకు మనకీ పనికొస్తుంది. బెల్టుల విషయంలో ఒక మాట. బి సెక్షన్ బెల్టు పై వెడల్పు 17 మిల్లీమీటర్లు, బి తర్వాత ఉండే అంకె లోపలి పొడవు అంగుళాల్లో. ఒకటి తెగిందని ఆ ఒక్కటే మార్చకండి. పాతవి సాగి ఉంటాయి కాబట్టి బరువంతా కొత్తదాని మీదే పడి అదీ తొందరగా పోతుంది. సెట్టు మొత్తం మార్చాలి.

లైనరు, పిస్టను, రింగులు, నాజిల్, క్లచ్ ప్లేట్లు మధ్యస్థంగా ఉంటాయి. వీటికి నంబరున్నా అది కంపెనీ సొంత నంబరు. ఈ మోడల్ దశాబ్దాల పాటు పెద్దగా మారకుండా వచ్చింది కాబట్టి ఇవి దొరుకుతాయి. మూతపడిపోయిన కంపెనీ టిల్లర్ కొంటే మాత్రం ఇక్కడే దెబ్బతింటారు. చవగ్గా వస్తోందని అలాంటివి కొన్నవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. ఆ బండ్లు ఇప్పటికీ పాకల్లోనే ఉన్నాయి. నకిలీల సంగతి కూడా చూసుకోవాలి. ఒక కొట్టులో అసలుదని చెప్పి ఇచ్చిన రింగుల సెట్టు ఒక్క సీజన్ కూడా ఆగలేదు, పొగ మొదలైంది. రింగుని పిస్టను లేకుండా లైనరులో పెట్టి, చివరల మధ్య సందుని ఫీలర్ గేజితో చూపించమని మేస్త్రీని అడగండి. ఎక్కువుంటే అక్కడే తిరిగిచ్చేయొచ్చు.

అసలు కష్టం ఒంటి మీద ఏ అంకే లేనివాటితో. గేరు మార్చే ఫోర్కులు, బండిని పక్కకి తిప్పే స్టీరింగ్ క్లచ్ పళ్లు, హ్యాండిల్ పట్టుకునే బ్రాకెట్లు, లింకులు. పళ్లు గుండ్రంగా అరిగిపోయాయంటే క్లచ్ లివరు వదిలినా పట్టు జారుతుంది. లేతు మేస్త్రీ వాటి మీద వెల్డింగ్ పోసి, మళ్లీ పళ్లు దిద్ది ఇస్తాడు. కొన్నాళ్లు నడుస్తుంది. దానికంటే మంచి దారి, అదే మోడల్ చచ్చిన బండి ఇంకొకటి కొని పక్కన పడేసుకోవడం. మా లేతు మేస్త్రీగారు మొదటి రోజే అన్నారు: "రెండు బళ్లు కొని ఒకటి చేసుకోండి బాబూ, అప్పుడు నన్ను పీక్కుతినరు, ఆయ్!" ఆయన చెప్పినట్టే చేశాను. ఆ రెండో బండి ఇంజిన్ బ్లాకు పగిలిపోయింది గానీ గేరు బాక్సు సరుకంతా బాగుంది. ఇప్పటికి సగం ఖాళీ అయింది.

పోత ఇనుముకి వెల్డింగ్ పెట్టిస్తే సరిపోతుందనే మాట చాలామంది చెబుతారు. మూతకో, ఫుట్ బ్రాకెట్‌కో అయితే సరే. బేరింగు కూర్చునే చోట పగిలితే మాత్రం ఆ వెల్డింగ్‌ని నమ్మను. వేడికి గుంట వంకరపోతుంది, బేరింగు మళ్లీ మళ్లీ పోతుంది.

పట్టేసిన ఇంజిన్ విషయంలో మొండితనం పనికిరాదు. నాజిల్ విప్పి, ఆ బెజ్జంలోంచి డీజిల్, కిరసనాయిలు కలిపి పోసి వదిలేయాలి. కొన్ని రోజులకి ఫ్లైవీల్‌ని అటూ ఇటూ కొంచెం కొంచెం ఊపితే వదులుతుంది. సుత్తి పెట్టి కొట్టారంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ట్యాంకు లోపలి తుప్పుకి గుప్పెడు గులకరాళ్లు, కిరసనాయిలు వేసి గట్టిగా ఆడించడం చాలు. రాగి వాషర్లని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడి మళ్లీ పనికొస్తాయి. రేడియేటర్‌కి మాటు వేయించాను. అందులో బోరు నీళ్లు మాత్రం పోయను. సముద్రం వైపు మండలాల్లో ఆ ఉప్పునీళ్లతో గొట్టాలు పూడుకుపోతాయి. కాలువ నీళ్లు తేరబెట్టి, వడగట్టి పోస్తాను.

ఇక వాడకం. కొబ్బరి వరసల మధ్య కోకో ఉన్న తోటలో నాలుగు చక్రాల ట్రాక్టర్ తిరగలేదు, కొమ్మలు విరుస్తుంది. ఇది వంగి దూరిపోతుంది. వెనక తిరుగుతూ మట్టిని తవ్వే కత్తుల రోటరీ వెడల్పు అరవై సెంటీమీటర్లే. లోతు తక్కువగా పెట్టుకుంటే కొబ్బరి వేళ్లు తెగవు, గడ్డి మట్టిలో కలిసిపోతుంది. చేత్తో పట్టుకునే చిన్న పెట్రోలు వీడర్లూ వాడి చూశాను. బాగా ఎండిన నల్లమట్టిలో అవి పైపైన ఎగురుతాయి. ఈ బండి నాలుగు వందల కిలోలకి పైమాటే, ఆ బరువే దిగబడి దున్నుతుంది. రోటరీ కత్తులు మన రేగడిలో చాలాకాలం వస్తాయి. లంక భూముల ఇసుకలో మాత్రం చూస్తుండగానే అరిగిపోతాయి. అక్కడి వాళ్లు అదనపు సెట్టు దగ్గరుంచుకోవాలి.

వరి దమ్ముకి నేను వాడను. సార్వా, దాళ్వా రెండిటికీ కేజ్ వీల్స్ (బురదలో దిగబడని ఇనుప చక్రాలు) వేసిన పెద్ద ట్రాక్టర్లు అద్దెకి వస్తున్నాయి. బురదలో మోకాలి లోతున నడుస్తూ రోజంతా హ్యాండిల్ పట్టుకునే మనిషి దొరకడం లేదు, దొరికినా అడగడానికి మనసొప్పదు.

2022 జులై వరదకి షెడ్డులోకి నీళ్లొచ్చాయి. బండి గేరు బాక్సు దాకా మునిగింది. నీళ్లు తీశాక స్టార్టు చేయకుండా ముందు కింది ప్లగ్గు విప్పాం, ఆయిల్ మజ్జిగలా తెల్లగా వచ్చింది. పాతది తీసేయడం, డీజిల్‌తో కడగడం, 90 నంబరు గేరు ఆయిల్ పోయడం, కాస్త తిప్పి మళ్లీ తీసేయడం. ఆయిల్ తెలుపు పోయి శుభ్రంగా వచ్చే వరకూ ఇదే పని. సీళ్లు మార్చాం. తర్వాత ఏ గొడవా లేదు. సెన్సార్లున్న కొత్త యంత్రం ఆ నీళ్లలో ఉండి ఉంటే ఖర్చు వేరేగా ఉండేది.

ఇబ్బందులూ ఉన్నాయి. ఒకే సిలిండరు డీజిల్ టిల్లర్ ఏ కంపెనీదైనా చేతులు తిమ్మిరెక్కుతాయి. పూట దున్నాక అన్నం ముద్ద కలపడం కూడా కష్టమే. స్టార్టింగ్ హ్యాండిల్ తిప్పేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉంచాలి, చుట్టూ బిగించకూడదు. ఇంజిన్ వెనక్కి తన్నిందంటే ఆ వేలే పోతుంది. అన్నిటికంటే ముఖ్యమైనది గట్టు దిగడం. చదునుగా ఉన్నచోట స్టీరింగ్ క్లచ్ ఎడమ లివరు నొక్కితే బండి ఎడమకి తిరుగుతుంది. ఏటవాలులో బండి బరువు ఇంజిన్‌ని తోసేటప్పుడు అదే లివరు నొక్కితే కుడికి తిరుగుతుంది. కాలువ గట్టు మీంచి కొత్తవాళ్లు బండితో సహా నీళ్లలోకి వెళ్లేది ఇందుకే. దిగేటప్పుడు చిన్న గేరు వేసి, లివర్లు ముట్టుకోకుండా హ్యాండిల్ బలంతోనే తిప్పాలి. ట్రైలర్ తగిలించి అంబాజీపేటకి కొబ్బరికాయలు తోలేవాళ్లు ఈ సంగతి ఇంకా బాగా గుర్తుంచుకోవాలి. దాని బ్రేకు అంత బరువుకి చాలదు.

ఖర్చు అడుగుతారు కాబట్టి చెబుతున్నా. రెండు బళ్లు కొన్నదానికంటే బాగు చేయించిందే ఎక్కువైంది. రెండూ కలిపినా కొత్తదాని ధరకి చాలా దూరం. సొంతంగా స్పానర్ పట్టుకోవడం రానివాళ్లకి మాత్రం ఈ లెక్క కుదరదు. ప్రతి చిన్నదానికీ మేస్త్రీని పిలిస్తే రెండేళ్లలో కొత్త బండి డబ్బు అయిపోతుంది, అలాంటివాళ్లు సబ్సిడీ వచ్చినప్పుడు కొత్తదే తీసుకోవాలి. బాగు చేయించదలచుకుంటే దాళ్వా కోతలయ్యాక, కాలువలు కట్టేసిన రోజుల్లోనే బండి విప్పండి. నీళ్లు వదిలాక లేతు షాపులన్నీ కేజ్ వీల్స్ పనితో నిండిపోయి, మీ ఫోర్కు ముక్క ఏ మూలో పడి ఉంటుంది.