ఆ ‘అన్న’ దగ్గర చైనా స్పోర్ట్స్ బైక్ బుక్ చేసినవాళ్లు ఆగండి, ముందు ఇది చదవండి

నిన్న సాయంత్రం ఆ ఫోన్ పెట్టేసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. కోపం కాస్త చల్లారాక రాద్దామనుకుంటే మా రూమ్మేట్ వద్దన్నాడు. “చల్లారితే నువ్వు రాయవురా, ఇప్పుడే రాయి” అన్నాడు. వాడన్నది నిజమే. వరస తప్పితే మన్నించండి, జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తున్నా.

టెక్సాస్‌లో డాలస్, డెంటన్ వైపు తెలుగు స్టూడెంట్ గ్రూపుల్లో ఉన్నవాళ్లకు నేను ఎవరి గురించి చెబుతున్నానో ఈపాటికే అర్థమై ఉంటుంది. సెమిస్టర్ మొదలయ్యే ముందు ఎర్ర ఫెయిరింగ్ (స్పోర్ట్స్ బైక్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు) బండి ఫొటో పెట్టి, “250 సీసీ స్పోర్ట్స్, సీల్ తీయని కొత్త బండి, 2,450 డాలర్లు, ఇంటికే డెలివరీ, పేపర్లు నా పూచీ” అని మెసేజ్ పెట్టేది అతనే. పేరు రాయను. గుర్తుపట్టడానికి ఆ మెసేజ్ చాలు.

ముందు జరిగింది రెండు ముక్కల్లో చెప్పేస్తా. క్యాంపస్ కెఫెటీరియాలో ఎనిమిది నెలలు గిన్నెలు కడిగి కూడబెట్టుకున్న డబ్బు అది. కారు కొనే స్తోమత లేదు, రాత్రి షిఫ్ట్ అయ్యాక మా వైపు బస్సు ఉండదు. ఊళ్లో పల్సర్ నడిపిన అలవాటుంది, ఇక్కడ కోర్సు చేసి క్లాస్ ఎం (మోటర్‌సైకిల్) లైసెన్సు కూడా తీసుకున్నా. మూడు బండ్లు చూశా. ఒకటి సెకండ్ హ్యాండ్ కవాసాకీ నింజా 300, 2014 మోడల్, 2,900 చెప్పాడు. రెండోది సీఎఫ్‌మోటో 300ఎస్ఎస్, షోరూంలో కొత్తది. అదీ చైనా కంపెనీయే, కానీ ట్యాక్సు, మిగతా చార్జీలు కలిపేసరికి 5,000 దాటింది. మూడోది ఈ అన్న బండి. ఎక్సెల్ షీట్ వేసుకుని సీసీ గడిలో 296, 292, 250 అని రాసుకున్నా. ధర గడిలో ఇదే తక్కువ. పైగా అమ్మేది మనవాడు. ఆ ఒక్క మాటకే పడిపోయాను. “మీది జగిత్యాలనా తమ్మీ? మా మేనత్త వాళ్లది కోరుట్లే” అన్నాడు మొదటి ఫోన్లోనే. మెసేజ్ పెడితే రెండు నిమిషాల్లో జవాబు వచ్చేది. 2,450 కార్డుతో కట్టించుకున్నాడు. ఫిట్టింగ్, పేపర్ ఖర్చులని ఇంకో 300 జెల్‌లో (బ్యాంకు నుంచి బ్యాంకుకు నేరుగా డబ్బు పంపే పద్ధతి) వేయమంటే వేశాను.

బండి మూడు వారాలకు వచ్చింది. ఇనుప చట్రం, చుట్టూ అట్ట. కుడి వైపు అట్ట చిరిగి ఉంది, చట్రం కడ్డీ ఒకటి లోపలికి వంగి ఉంది. ట్రక్కు డ్రైవరు క్రేటును లిఫ్ట్‌గేట్ మీద నుంచి పార్కింగ్‌లో దింపి, సంతకం పెట్టమని కాగితం చాచాడు. నాకు అనుమానం వచ్చింది. డ్రైవరును నిలబెట్టి అన్నకు ఫోన్ చేశా. “సంతకం పెట్టెయ్ తమ్మీ, వాళ్లకు టైముండదు. లోపల ఏమన్నా ఉంటే నేను చూసుకుంట కద” అన్నాడు. పెట్టేశాను. ఆ సంతకం పైన చిన్న అక్షరాల్లో సరుకు మంచి స్థితిలో అందింది అని ఉంది. చదవకుండా పెట్టాను. ఇందులో తప్పు నాది, ఎవరి మీదా నెట్టను.

అట్ట విప్పితే కుడి ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే కాలు) ట్యూబు మీద వేలి గోరంత లోతు నొక్కు. సీలు దగ్గర నూనె చెమట పట్టినట్టు ఊరి, కిందికి జారి, బ్రేక్ డిస్క్ మీద పడింది. కుడి ఫెయిరింగ్ మూడు చోట్ల పగిలింది. ముందు చక్రం, హ్యాండిల్, బ్యాటరీ, అద్దాలు విడిగా కట్టి ఉన్నాయి. వాటిని బిగించడానికి వస్తానన్న మనిషి ఇవాళ రేపు అంటూ రెండు వారాలు గడిపాడు. చివరికి మా సీనియర్ అన్న ఒకాయన, ఇండియాలో మెకానిక్ షాపు ఉన్న ఇంటి నుంచి వచ్చినాయన, ఆదివారం వచ్చి బిగించి పెట్టాడు. ఇంజన్ పక్కన పోత పోసిన నంబర్ నాకు చూపించింది ఆయనే: 167ఎఫ్ఎంఎం.

“ఇది 250 ఎవరన్నారు తమ్ముడూ?” అని అడిగాడు. మొదటి 1 అంటే ఒకే సిలిండర్. 67 అంటే బోర్, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 67 మిల్లీమీటర్లు. ఈ రకానికి స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం, 65. కాగితం మీద లెక్క వేసి చూపించాడు, 229 సీసీ వచ్చింది. 1976లో హోండా తెచ్చిన సీజీ125 ఉంది కదా, వాల్వులను కడ్డీలతో (పుష్‌రాడ్) తెరిచే, గాలికే చల్లబడే ఇంజన్, దాన్నే పెద్దది చేస్తూ వచ్చిన రకం ఇది. చెడ్డది కాదు, మొండి ఇంజన్, రిపేరు తేలిక అన్నాడు. కానీ బలం 15 హెచ్‌పీ దగ్గరే ఉంటుందట. నేను ఊళ్లో వదిలేసి వచ్చిన పల్సర్ 150 కూడా ఇంచుమించు అంతే ఇస్తుంది. నింజా 300 అయితే 39, సీఎఫ్‌మోటో 300ఎస్ఎస్ అయితే 29 దాకా. ఐ-35 హైవే మీద పెద్ద ట్రక్కులే 70 మైళ్ల మీద పోతుంటే, ఈ బండేసుకుని వాటి మధ్యలోకి వెళ్దామనుకున్నాను నేను. బయటి అచ్చు చూసి స్పోర్ట్స్ అనుకున్నా. సీసీ గడి పక్కన హెచ్‌పీ గడి కూడా గీసుకుని ఉంటే ఆ రోజే తెలిసేది.

చైనా బండి కావడం నా ఫిర్యాదు కాదు, అది స్పష్టంగా చెబుతున్నా. చైనా కంపెనీల్లో షోరూం పెట్టి, వారంటీ ఇచ్చి, కాగితాలు చేతిలో పెట్టి అమ్మేవి ఉన్నాయి. ఇంజన్ చిన్నదైనా నేను సర్దుకునేవాణ్ణి, ఊళ్లో తిరగడానికి అది చాలు. నన్ను కాల్చేస్తున్నది తర్వాత జరిగింది.

ఫోర్కు గురించి అడిగితే జవాబు లేదు. మెసేజ్ చదివినట్టు నీలం గుర్తులు పడతాయి, మాట రాదు. దాంతో కార్డు బ్యాంకులో డిస్ప్యూట్ వేశా, అంటే కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమని ఫిర్యాదు. మర్నాడే ఫోన్ వచ్చింది. గొంతులో తేనె.

“ఏంది తమ్మీ, ఇంటోనివై బ్యాంకుకు పోయినవ్? నాకు ఒక్క మాట చెప్తే అయిపోవు కదా. చూడు, డిస్ప్యూట్ ఉంటే నా అకౌంట్ మొత్తం ఆపుతరు. నీ ఎంసీఓ కాగితం కూడా ఆడనే ఆగిపోయింది. నువ్వు డిస్ప్యూట్ తీసెయ్, రెండు రోజుల్ల కాగితం, కొత్త ఫోర్కు, రెండూ నీ ఇంటి ముందుంటయి. మా అమ్మ మీద ఒట్టు.”

ఎంసీఓ అంటే తెలియనివాళ్లకు: కొత్త బండికి తయారీదారు ఇచ్చే అసలు పత్రం. అది లేకుండా కౌంటీ ఆఫీసులో టైటిల్ (బండి మనదే అనే పత్రం) రాదు, నంబర్ ప్లేట్ రాదు, బండి రోడ్డెక్కదు. తాళం అతని చేతిలో ఉంది. నాన్నకు ఈ విషయాలేవీ చెప్పలేదు. బండి కొన్నానని ఫొటో మాత్రం పంపాను, ఆయన ఊళ్లో అందరికీ చూపించుకున్నాడు. అమ్మ మీద ఒట్టు అన్నవాణ్ణి అనుమానించడానికి నాకు నోరు రాలేదు. డిస్ప్యూట్ వెనక్కి తీసుకుంటున్నానని బ్యాంకుకు రాసి ఇచ్చేశా. మా రూమ్మేట్ పక్కనే ఉండి “కాగితం చేతికి వచ్చాక తియ్యరా” అని రెండుసార్లు అన్నాడు. వినలేదు.

కాగితం రెండు రోజుల్లో కాదు, పంతొమ్మిది రోజులకు వచ్చింది. ఫోర్కు ఇప్పటికీ రాలేదు. సరేలే, కాగితమన్నా వచ్చిందని నిన్న మధ్యాహ్నం టైటిల్ దరఖాస్తు 130-యూ ఫారం నింపుకుని కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకి వెళ్లాను. బండి హెడ్ దగ్గర ఉండే విన్ నంబర్ (ఒక్కో బండికి ఒక్కటే ఉండే గుర్తింపు నంబర్) ప్లేటు ఫొటో కూడా తీసుకుని వెళ్లడం మంచిదైంది. కౌంటర్‌లో పెద్దావిడ నా ఫొటో ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో పెన్సిల్ మొనను ఎంసీఓ మీద ఒక్కో అంకె కింద పెడుతూ వచ్చింది. అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం పదిహేడు. పద్నాలుగో దాని దగ్గర పెన్సిల్ ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి చూసింది. మళ్లీ అక్కడే ఆగింది. బండి మీద 3, కాగితం మీద 8. “ఇది నీ బండి కాగితం కాదు నాయనా” అన్నట్టు జాలిగా చూసి రెండూ నా వైపు జరిపింది. నా బండి కాగితం ఇంకెవరి దగ్గరో ఉండి ఉండాలి. నా చేతిలో ఉన్నది ఇంకో కుర్రాడిది అయి ఉండాలి.

ఆఫీసు మెట్ల మీదే నిలబడి ఫోన్ చేశా. ఏడోసారికి ఎత్తాడు. ఆ సంభాషణ మొత్తం ఇక్కడ పెడుతున్నా, ఇందుకోసమే ఈ పోస్టు.

“అన్నా, కాగితం మీద నంబర్ వేరే ఉంది.”

“అయితే నేనేం చేయాలె?”

“నా నంబర్ది ఇప్పించండి అన్నా. ఫోర్కు కూడా రాలేదు.”

“ఫోర్కు ఏందయ్యా? మంచిగున్నదని సంతకం పెట్టింది నువ్వు. నేను పెట్టమన్ననా?”

“మీరే కదన్నా చెప్పారు, నేను చూసుకుంటా అని.”

“రాసిచ్చిన్నా? చూడు మిస్టర్, డిస్ప్యూట్ నువ్వే తీసేసినవ్, బ్యాంకు కూడా క్లోజ్ చేసింది. నీకు నాకు ఇగ లెక్క లేదు.”

తమ్మీ పోయి మిస్టర్ వచ్చింది. నేను కోర్టుకు వెళ్తానన్నాను. అప్పుడు అతను ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి, నెమ్మదిగా అన్న మాట ఇది:

“ఎఫ్-1 మీద ఉన్నవ్. కేసులూ గీసులూ పెట్టుకుంటే నీ పేరే రికార్డుల కెక్కుతది. రేపు ఓపీటీ అప్పుడు నాకు ఫోన్ చేసి ఏడవకు. మీ నాయన అక్కడ అప్పు చేసి పంపిండంట కద, గది యాది పెట్టుకో.”

ఎఫ్-1 అంటే నా స్టూడెంట్ వీసా, ఓపీటీ అంటే చదువు తర్వాత ఇక్కడ పని చేయడానికి వచ్చే అనుమతి. మా నాన్న అప్పు సంగతి మొదటి వారంలో నేనే చెప్పాను, ఊరివాడని మనసు విప్పి. దాన్ని దాచిపెట్టుకుని, అవసరం వచ్చినప్పుడు తీసి నా మెడ మీద పెట్టాడు. మోసం చేసేవాళ్లు అన్ని చోట్లా ఉంటారు, డబ్బు పోవడం నాకు కొత్త కాదు. కానీ పరాయి దేశంలో, మన భాషలో, మన ఇంటి కష్టం ఎత్తి చూపి భయపెట్టడం ఇంతవరకు నాకెవరూ చేయలేదు. నిజం చెబుతున్నా, పది నిమిషాలు భయపడ్డాను. మెట్ల మీద కూర్చుండిపోయాను.

ఇవాళ పొద్దున యూనివర్సిటీ స్టూడెంట్ లీగల్ సర్వీసెస్‌కి వెళ్లొచ్చాను. వాళ్లు చెప్పింది మీకూ చెబుతున్నా, ఎందుకంటే ఈ మాట విని భయపడింది నేనొక్కణ్ణే అయి ఉండను. మనం మోసపోయి సివిల్ కేసు వేయడం వీసా తప్పు కాదు. టెక్సాస్‌లో 20,000 డాలర్ల లోపు గొడవలు జస్టిస్ కోర్టులో వేసుకోవచ్చు, లాయరు కూడా అక్కర్లేదు. కొత్త బైకులు అమ్మేవాళ్లకు ఇక్కడ డీఎంవీ (రాష్ట్ర వాహనాల శాఖ) డీలర్ లైసెన్సు ఉండాలి, అది ఉందో లేదో ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. నేను ఇవాళే వెతికాను. అతని పేరు మీద నాకేమీ దొరకలేదు. కొనక ముందు చేయాల్సిన రెండు నిమిషాల పని అది.

ఇంకా కొనాలనుకునేవాళ్లకు గబగబా: విన్ ప్లేటు ఫొటో, ఎంసీఓ ఫొటో రెండూ డబ్బు కట్టక ముందే తెప్పించుకుని పదిహేడు అంకెలూ పోల్చుకోండి. క్రేటు మీద దెబ్బ కనిపిస్తే డెలివరీ కాగితం మీద ఎక్కడ, ఎలా ఉందో రాసి, ఫొటో తీసుకుని, ఆ తర్వాతే సంతకం పెట్టండి. విప్పాక బయటపడిన దెబ్బైతే 5 పని దినాల్లోపు రవాణా కంపెనీకి రాతలో చెప్పాలి. కార్డు బిల్లు మీద గొడవకు చట్టం ఇచ్చే గడువు స్టేట్‌మెంట్ నుంచి 60 రోజులు. ఎవరు ఎన్ని ఒట్లు పెట్టినా ముందే వెనక్కి తీసుకోకండి. జెల్‌లో మాత్రం వేయకండి, నా 300 ఇక రాదు.

బండి మా అపార్ట్‌మెంట్ మెట్ల కింద టార్పాలిన్ కప్పుకుని ఉంది. ప్లేటు లేని బండి తీసేయమని ఆఫీసువాళ్లు తలుపుకు నోటీసు అంటించారు, పది రోజులు గడువు.

ఇప్పుడు నాకు కావాల్సింది ఒకటే. అతని దగ్గర ఈ ఏడాది బండి కొన్న ప్రతి ఒక్కరూ ఈ రాత్రికే మీ ఎంసీఓ తీసి పద్నాలుగో అంకె చూడండి. అక్కడ 3 ఉండి, మీ బండి మీద 8 ఉంటే ఆ కాగితం నాది, నా దగ్గరున్నది మీది. వెంటనే మెసేజ్ పెట్టండి, ఎంత దూరమైనా నేనే వస్తా. సోమవారం కోర్టులో పేపర్లు వేస్తున్నాను. డబ్బు కట్టి ఎదురు చూస్తున్నవాళ్లు ఉంటే అప్పటిలోగా నాతో మాట్లాడండి.