సోనిక్‌లో బల్క్ కౌంటర్లు: ఏడాది వాడాక నా మాట

మా దగ్గర నెట్‌వర్క్ స్విచ్‌లన్నీ సోనిక్ (స్విచ్‌లను నడిపే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్) మీదే. కౌంటర్లంటే ఎన్ని ప్యాకెట్లు వెళ్లాయి, ఎన్ని పడిపోయాయి లాంటి లెక్కలు; బల్క్ అంటే వాటిని ఒక్కొక్కటిగా కాకుండా గుంపుగా అడగడం. బల్క్ లేని పాత ఇమేజ్ (సోనిక్ వెర్షన్) ఉన్న రోజుల్లో రీబూట్ అంటేనే టెన్షన్. బాక్స్ లేచాక 'షో క్యూ కౌంటర్స్' కొడితే స్క్రీన్ కిందిదాకా ఎన్/ఏ, ఎన్/ఏ, ఎన్/ఏ. మానిటరింగ్ వాళ్లేమో "గ్రాఫ్ ఖాళీగా ఉంది, స్విచ్ పోయిందా?" అని ఫోన్లు.

సంగతేంటంటే, 64 పోర్టులు, పోర్టుకు 8 క్యూలు (బయటికి వెళ్లే ప్యాకెట్ల వరుసలు), 8 ప్రయారిటీ గ్రూపులు (లోపలికొచ్చే ప్యాకెట్లను ప్రాధాన్యం బట్టి విడదీసేవి) అనుకున్నా 1,024 ఆబ్జెక్టులు, వాటికి వాటర్‌మార్క్‌లు (బఫర్ ఎంత గరిష్ఠంగా నిండిందన్న లెక్క) అదనం. పాత పద్ధతిలో ఆర్క్‌ఏజెంట్ (సోనిక్‌లో పనులు పురమాయించే ప్రోగ్రామ్) ఒక్కోదాన్ని రెడిస్ డేటాబేస్‌లో రాయడం, సింక్‌డీ (చిప్‌తో మాట్లాడే ప్రోగ్రామ్) దాన్ని తీసుకుని "ఈ క్యూకి ఏ కౌంటర్లు పనిచేస్తాయి" అని చిప్ వెండార్ ఇచ్చే శాయ్ లైబ్రరీని అడగడం, మళ్లీ తర్వాతిది. పెళ్లి భోజనాల బంతిలో ఒక్కో విస్తరికీ వంటింటికి పరిగెత్తి గరిటెడు అన్నం తెచ్చి వడ్డించినట్టు. బల్క్‌లో బకెట్ పట్టుకుని వస్తారు, అంతే తేడా.

నాకు అసలు ఉపయోగం కనిపించింది మాత్రం గ్రాఫుల్లో కాదు. సింక్‌డీ ఈ కౌంటర్ల గొడవలో ఇరుక్కుపోతే రూట్లు, పోర్టు పనులు కూడా దాని వెనకే లైన్లో నిలబడాలి, ఎందుకంటే చిప్ దగ్గరికి అందరూ వెళ్లే దారి ఒక్కటే. ఇప్పుడు రీబూట్ తర్వాత ఆ దారి తొందరగా ఖాళీ అవుతోంది, నాకు అదే చాలు.

విసిగించినవీ ఉన్నాయి. ఒక వెండార్ శాయ్‌లో కొన్ని కౌంటర్లకు బల్క్ లేదు, అలాంటప్పుడు సింక్‌డీ చప్పుడు లేకుండా ఒక్కొక్కటిగా అడగడానికే తిరిగి వెళ్లిపోతుంది, లాగ్ చూస్తేగానీ తెలియదు. నేను రెండు రోజులు కాన్ఫిగ్‌ని తిట్టుకుంటూ కూర్చున్నా. ఇంకోటి, బకెట్ మరీ పెద్దదైతే ఒక్క కాల్ చాలాసేపు దారి అడ్డుకుంటుంది. ఒక్క కాల్‌లో ఎన్ని అడగాలో చెప్పే బల్క్ చంక్ సైజ్ అని సెట్టింగ్ ఉంది, దాన్ని తగ్గించాక సర్దుకుంది.

చిన్న బాక్సుల్లో తేడా పెద్దగా తెలియలేదు, ఆశ పెట్టుకోకండి. పెద్ద బాక్సుల్లో అయితే దీనికంటే ముందు 'క్రియేట్ ఓన్లీ కాన్ఫిగ్ డీబీ బఫర్స్' అనే సెట్టింగ్ ఆన్ చేసి చూడండి, కాన్ఫిగ్‌లో లేని క్యూలకు కౌంటర్లే పుట్టవు.