నెల్లూరు ఎండలో టర్బో కారు: ఫోర్జ్‌డ్ పిస్టన్లా, పెద్ద టర్బోనా, ఇంటర్‌కూలరా?

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు సెకండ్ హ్యాండ్‌లో స్కోడా ఆక్టేవియా 1.8 టీఎస్ఐ కొన్న కుర్రాళ్ళు ముందుగా అడిగేది ఇదే: "అన్నా, ఫోర్జ్‌డ్ పిస్టన్లు వేయిద్దామా, పెద్ద టర్బో పెట్టిద్దామా?" నా జవాబు ముందే చెప్పేస్తాను. రోడ్డు మీద తిరిగే కారైతే మొదట ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది), తర్వాత ఒక్క సైజు పెద్ద టర్బో (ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపేది), దానికి టార్క్‌ను, అంటే ఇంజన్ తిప్పే బలాన్ని, అదుపులో పెట్టిన మ్యాప్ (ఇంజన్ కంప్యూటర్‌లోని సెట్టింగ్). ఫోర్జ్‌డ్ (ఒత్తిడితో నొక్కి గట్టిగా చేసిన) పిస్టన్లు, వాటిని క్రాంక్‌కు కలిపే రాడ్లు చివరి మాట. చాలామందికి వాటి అవసరమే రాదు.

కారణం ఇంజన్‌లో లేదు, దాని వెనకున్న గేర్‌బాక్స్‌లో ఉంది. మన దేశంలో అమ్మిన ఆక్టేవియా 1.8కి 180 పీఎస్ పవర్, 250 ఎన్ఎం టార్క్. దానికి బిగించింది డీక్యూ200 అనే ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్. ఆ పెట్టె తట్టుకునే టార్క్ 250 ఎన్ఎం అని తయారీ లెక్క. అంటే కంపెనీ వాళ్ళే దాన్ని అంచు దాకా వాడేశారు. ఇక ఇంజన్ లోపల ఎంత బలమైన భాగాలు పెట్టినా, అదనపు టార్క్ ముందు తగిలేది ఆ క్లచ్‌కే. పైగా డ్రై క్లచ్ కదా, చల్లబరచడానికి చుట్టూ ఆయిల్ ఉండదు. మే నెలలో ఆత్మకూరు బస్టాండ్ ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకే కారులో అది ఎంత వేడెక్కుతుందో ఊహించుకోండి. పోలో 1.2 టీఎస్ఐ ఉన్నవాళ్ళ పరిస్థితి కొంత నయం. దానిదీ అదే గేర్‌బాక్స్, కానీ టార్క్ 175 ఎన్ఎం. మామూలు మ్యాప్ వేయించుకున్నా ఇంకా కొంత జాగా మిగులుతుంది.

"250 దాటకూడదంటే ఇక మోడిఫై చేయడమెందుకు?" అంటారు. ఇక్కడే ఒక చిన్న లెక్క ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. టార్క్‌ను ఆర్పీఎంతో (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లతో) గుణించి 9549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. వాటిని 1.36తో గుణిస్తే పీఎస్. స్టాక్ కారు, అంటే కంపెనీ ఇచ్చినట్టే ఉన్నది, 6200 ఆర్పీఎం దగ్గర 180 పీఎస్ ఇస్తోందంటే అక్కడ టార్క్ 204 ఎన్ఎం మాత్రమే. చిన్న టర్బోకి పైన ఊపిరి చాలక టార్క్ జారిపోతోంది. అదే 250ని జారకుండా 6200 దాకా నిలబెడితే దాదాపు 220 పీఎస్ అవుతుంది. గేర్‌బాక్స్ మీద కొత్తగా ఒక్క ఎన్ఎం కూడా పడలేదు, కారు మాత్రం 40 పీఎస్ పెరిగింది. కింద గుద్దు పెంచకుండా పైన ఊపిరి పెంచడం, రోడ్డు కారుకు ఇదే సరైన దారి.

మరి ఆ ఊపిరి ఇచ్చే టర్బో ఏది? ఈ ఇంజన్ కుటుంబంలో జపాన్ కంపెనీ ఐహెచ్ఐ చేసే మూడు టర్బోల పేర్లు వినిపిస్తాయి. 1.8కి వచ్చేది ఐఎస్12. గోల్ఫ్ జీటీఐ, ఆక్టేవియా వీఆర్ఎస్ లాంటి వాటికి ఐఎస్20. గోల్ఫ్ ఆర్, ఆడి ఎస్3లకు ఐఎస్38. ఒకే కుటుంబం కాబట్టి పెద్దగా కోతలు, వెల్డింగులు లేకుండా మారతాయి. కుర్రాళ్ళ మనసు నేరుగా ఐఎస్38 మీదికే పోతుంది, పేరులో పెద్ద అంకె ఉంది మరి. కానీ అది రెండు లీటర్ల ఇంజన్ కోసం కొలిచి చేసింది. 1.8కి బోర్ (సిలిండర్ వెడల్పు) అదే 82.5 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) మాత్రం 92.8 బదులు 84.1. ఎగ్జాస్ట్ గాలి తక్కువ వస్తుంది కాబట్టి టర్బో ఆలస్యంగా లేస్తుంది. కోవూరు దాటి హైవే మీద లారీని ఓవర్‌టేక్ చేయాలనుకున్నప్పుడు తొక్కితే, అది లేచేసరికి ఎదురుగా ఇంకో లారీ కనిపిస్తుంది. ఆ పెద్ద టర్బో ఇవ్వగలిగే టార్క్‌ను గేర్‌బాక్స్ మోయలేదు కనుక మ్యాప్‌లో కోసేయాల్సిందే. కోసేసేదానికి డబ్బు పెట్టడం ఎందుకు? రోడ్డుకు ఐఎస్20 మేలు, ఇందులో నాకు సందేహం లేదు.

కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. సగం ధర కూడా లేని కొత్త కాపీ టర్బోలు ఆన్‌లైన్‌లో బోలెడు. పైకి అచ్చం ఒరిజినల్‌లాగే ఉంటాయి. నిమిషానికి లక్షకు పైగా తిరిగే షాఫ్ట్‌లో బ్యాలెన్స్ కాస్త తప్పినా బేరింగ్ పోతుంది. ముక్క విరిగితే ఎటు పోతుందో చెప్పలేం. కొత్త కాపీకి, వాడిన ఒరిజినల్‌కి మధ్య ఎంచుకోవాల్సి వస్తే వాడిన ఒరిజినలే తీసుకోండి. షాఫ్ట్‌ను వేళ్ళతో పక్కకీ, ముందుకూ వెనక్కీ కదిపి చూడండి. పక్కకు అతి కొద్దిగా ఆడటం మామూలే, ముందుకూ వెనక్కీ ఆట మాత్రం తెలియకూడదు. వీల్ రెక్కల అంచులు హౌసింగ్‌కి రాసుకున్న గీతలుంటే ఎంత చవకైనా వదిలేయండి. లోపలి కాట్రిడ్జ్ (షాఫ్ట్, బేరింగులున్న మధ్య భాగం) మంచిది వేయించి, బ్యాలెన్సింగ్ రిపోర్టు తీసుకుని బిగిస్తే ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. బిగించే రోజు ఆయిల్ ఫీడ్ పైపు, గాస్కెట్లు కొత్తవి వేయించండి. పాత పైపులో గట్టిపడిన కార్బన్ కొత్త టర్బోకి ఆయిల్ అందనివ్వదు.

ఇంటర్‌కూలర్‌ను మొదట పెట్టడానికి కారణం మన ఎండలే. జర్మనీలోనో ఇంగ్లండ్‌లోనో తీసిన డైనో (కారు పవర్ కొలిచే యంత్రం) గ్రాఫ్ చూసి పార్టులు ఆర్డర్ పెట్టేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. టర్బో గాలిని నొక్కితే అది వేడెక్కుతుంది. 1.2 బార్ బూస్ట్, 70 శాతం ఎఫిషియెన్సీ ఉన్న కంప్రెసర్ అనుకుందాం. బయట 15 డిగ్రీలుంటే టర్బో నుంచి వచ్చే గాలి సుమారు 120 డిగ్రీలు. రోహిణి కార్తెలో నెల్లూరులో 42 ఉన్నప్పుడు అదే గాలి 155 దాటుతుంది. దాన్ని చల్లబరచాల్సిన ఇంటర్‌కూలర్‌కు తగిలే గాలి కూడా 42 డిగ్రీలదే. అదీ నేరుగా తగలదు. ఈ కారులో ఇంటర్‌కూలర్ ఏసీ కండెన్సర్ వెనక ఉంటుంది. ఏసీ లేకుండా మే నెలలో కారు నడిపే మనిషిని నేనింకా చూడలేదు. కాబట్టి కండెన్సర్ వదిలిన వేడిగాలే దానికి దక్కేది. గాలి వేడిగా సిలిండర్‌లోకి పోతే నాక్, అంటే ఇంధనం అదుపు తప్పి పేలడం, మొదలవుతుంది. ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) దాన్ని పసిగట్టి ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి తీస్తుంది. డబ్బు పోసి కొన్న పవర్ అలా ఆవిరైపోతుంది. ఫోర్జ్‌డ్ పిస్టన్ నాక్‌ను కాసేపు ఓర్చుకుంటుందేమో కానీ ఆపలేదు. ఆపేది చల్లగాలి, మంచి పెట్రోలు, సరైన మ్యాప్.

ఇంటర్‌కూలర్లలో రెండు రకాలున్నాయి. బార్ అండ్ ప్లేట్ బరువుగా, దిట్టంగా ఉంటుంది. వేడిని తనలోకి పీల్చుకుని కొంతసేపు మోస్తుంది, కానీ ఒకసారి వేడెక్కితే చల్లారడానికి టైం పడుతుంది. ట్యూబ్ అండ్ ఫిన్ తేలిక, త్వరగా చల్లారుతుంది, వెనకున్న రేడియేటర్‌కు గాలిని ఎక్కువ వదులుతుంది. కానీ ఫిన్లు పలచన, రాయి తగిలితే సొట్ట పడుతుంది. ఒంగోలు, చీమకుర్తి వైపు గ్రానైట్ లారీల వెనక రోజూ తిరిగేవాళ్ళయితే బార్ అండ్ ప్లేట్ వేసుకోండి, బంపర్ జాలీ కూడా పెట్టించుకోండి. నెల్లూరు టౌన్‌లో తిరుగుతూ వారానికోసారి చెన్నై వెళ్ళొచ్చేవాళ్ళకు ట్యూబ్ అండ్ ఫిన్ చాలు. సిగ్నళ్ళ దగ్గర ఆగి ఆగి నడిచే కారుకు త్వరగా చల్లారేదే ఉపయోగం. మరీ మందమైనది మాత్రం ఏ రకమైనా వద్దు. ఇంటర్‌కూలర్ చల్లగా ఉండి ఇంజన్ టెంపరేచర్ ముల్లు పైకెక్కితే లాభమేంటి?

బానెట్ కింద బయటికి పెట్టే కోన్ ఫిల్టర్ గురించి రెండు మాటలు: వద్దు. ఇంజన్ వేడినీ, దుమ్మునూ కలిపి పీలుస్తుంది. కంపెనీ బాక్సే ఉంచి లోపల మంచి ప్యానెల్ ఫిల్టర్ వేసుకోండి. తుస్సుమనే బ్లో ఆఫ్ వాల్వ్ సరదా ఉంటే అది మీ ఇష్టం, దాంతో కారు వేగం మాత్రం మారదు.

పెట్రోలు విషయం ఇంటర్‌కూలర్ అంత ముఖ్యమైనదే. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. ఇథనాల్ వల్ల ఆక్టేన్, అంటే నాక్‌ను తట్టుకునే గుణం, పెరుగుతుంది, అది మంచిదే. కానీ లీటరుకు శక్తి తక్కువ. మామూలు పెట్రోలుకు గాలి, ఇంధనం నిష్పత్తి 14.7 అయితే ఈ20కి సుమారు 13.5. అదే పవర్‌కు ఇంకా ఎక్కువ పెట్రోలు పోయాలి. పెద్ద టర్బో వేశాక హై ప్రెషర్ పంపు, ఇంజెక్టర్లు ఆ అదనాన్ని అందివ్వగలవో లేదో లాగ్‌లో (నడిపినప్పుడు రికార్డయిన రీడింగుల్లో) చూపించమని ట్యూనర్‌ను అడగండి. ఇంకో మాట. 100 ఆక్టేన్ ఎక్స్‌పీ100 పెద్ద నగరాల్లోనే, అదీ కొన్ని బంకుల్లోనే దొరుకుతుంది. చెన్నైలో ఆ పెట్రోలు పోసి, డైనో మీద ఆ పెట్రోలుకే మ్యాప్ రాయించుకుని తిరిగొస్తే, కావలి దగ్గర ట్యాంకు ఖాళీ అయినప్పుడు ఏం పోస్తారు? మీ ఊరి బంకులో రోజూ దొరికే పెట్రోలుతోనే, వీలైతే ఎండాకాలంలోనే మ్యాప్ రాయించండి. డిసెంబరులో రాయించిన మ్యాప్ మే నెలలో మాట మార్చేస్తుంది.

ఇక అందరికీ ఇష్టమైన పిస్టన్లు. ఫోర్జ్‌డ్‌లో 4032, 2618 అని రెండు మిశ్రమాలు. 4032లో సిలికాన్ దాదాపు 12 శాతం, 2618లో పావు శాతం కూడా ఉండదు. సిలికాన్ ఉన్నది వేడికి తక్కువ సాగుతుంది, కాబట్టి గోడకు దగ్గరగా బిగించవచ్చు. చప్పుడుండదు, ఆయిల్ తక్కువ తాగుతుంది, రింగుల గాడులు ఎక్కువ కాలం నిలుస్తాయి. 2618 సుమారు 15 శాతం ఎక్కువ సాగుతుంది. అందుకే సందు ఎక్కువ వదలాలి. వేడెక్కేదాకా టకటక కొడుతుంది. కానీ గట్టి దెబ్బకు పగలకుండా ఓర్చుకుంటుంది.

"మన దగ్గర చలెక్కడిది, ఇంజన్ చల్లబడదు కదా" అని ఒక తమ్ముడు వాదించాడు. సంక్రాంతికి తెల్లవారుజామున నెల్లూరులో 20 డిగ్రీలే ఉన్నా, 90 దగ్గర నడవాల్సిన ఇంజన్‌కి అది చలే. పైగా మాగుంట లేఅవుట్ నుంచి ట్రంకు రోడ్డుకు వెళ్ళి కాఫీ తాగి వచ్చే కారు వేడెక్కే లోపే ఇంటికొచ్చేస్తుంది. అలాంటి వాడకానికి 2618 వేస్తే రోజంతా చప్పుడు, డిప్‌స్టిక్‌లో తగ్గే ఆయిల్. రోడ్డుకు తప్పనిసరిగా ఫోర్జ్‌డ్ కావాలంటే 4032. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాకులో ల్యాపులు తిప్పడమే పనైతే 2618. అక్కడ ఇంజన్ చల్లబడే సందే ఉండదు.

రాడ్ల సంగతీ అంతే. రాడ్‌ని వంచేది టార్క్, ముఖ్యంగా తక్కువ ఆర్పీఎంలో వచ్చే టార్క్. తెంచేది ఆర్పీఎం. టార్క్ 250 దగ్గరే ఆపితే సిలిండర్‌లో ఒత్తిడి కంపెనీ పెట్టిన హద్దు దగ్గరే ఉంటుంది, స్టాక్ రాడ్లకు వచ్చిన ఇబ్బంది లేదు. అసలు శత్రువు వేరే ఉంది. 1500 ఆర్పీఎం దగ్గర పెద్ద గేరులో ఫుల్లుగా తొక్కినప్పుడు డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజన్లలో ప్లగ్ వెలగకముందే మంట అంటుకోవడం. ఒక్క దెబ్బకు పిస్టన్ పగలగలదు. దీనికి విరుగుడు కంపెనీ చెప్పిన గ్రేడ్‌లో ఏపీఐ ఎస్‌పీ (డబ్బా మీద ఉండే నాణ్యత గుర్తు) ఆయిల్, మ్యాప్‌లో కింద టార్క్ మెల్లగా ఎక్కించడం. రెండూ పిస్టన్ సెట్టు కంటే చవక.

పిస్టన్లు మార్చాలనే నిర్ణయించుకుంటే బోరింగ్ ఎక్కడ చేయిస్తారన్నది బ్రాండ్ కంటే పెద్ద ప్రశ్న. లారీ ఇంజన్లకు బోరింగ్ చేయడంలో నెల్లూరు చేతులకు తిరుగులేదు. కానీ ఇక్కడ కావాల్సింది వేరే రకం పని. హెడ్ బిగించినప్పుడు బ్లాక్ ఎలా వంకరపోతుందో అలా ముందే బిగించి హోనింగ్ (సిలిండర్ గోడను సన్నగా అరగదీయడం) చేసే టార్క్ ప్లేట్ ఉందా, పిస్టన్‌తో వచ్చిన షీట్‌లోని సందును థౌ (అంగుళంలో వెయ్యో వంతు) లెక్కన కొలిచి రాసిస్తారా అని అడగండి. రాడ్ బోల్టులు ఎంత సాగాయో గేజ్‌తో చూస్తారా అన్నదీ అడగండి. "అదంతా అలవాటు మీద తెలిసిపోద్ది" అంటే బ్లాక్ తీసుకుని చెన్నై బస్సెక్కండి.

చట్టం సంగతి కూడా చూసుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చే మార్పులు చేయకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది సవరణతో అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఇన్సూరెన్స్ వాళ్ళకు మార్పులు చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర పేచీ పెడతారు.

అందుకే ఇంకో దారి కూడా చూపిస్తాను. ఐఎస్38, 4032 పిస్టన్లు, రాడ్లు, మ్యాప్, వాటిని మోసే గేర్‌బాక్స్ అన్నీ కలిపి లెక్క వేసుకోండి. ఆ మొత్తానికి మీ 1.8 అమ్మితే వచ్చేది కలిపితే, 2017లో వచ్చిన వాడిన ఆక్టేవియా వీఆర్ఎస్ 230 మీద కన్నేయవచ్చు. ఐఎస్20 టర్బో, 230 పీఎస్, 350 ఎన్ఎం, దాన్ని మోయగల వెట్ క్లచ్ డీక్యూ250, అన్నీ ఫ్యాక్టరీ నుంచే, అన్నీ ఆర్‌సీకి తగ్గట్టే. 2020లో వచ్చిన 245 దొరికితే ఇంకా మంచిది కానీ దేశం మొత్తానికి వచ్చినవి 200. కొనేటప్పుడు గేర్‌బాక్స్ ఆయిల్ ప్రతి 60,000 కిలోమీటర్లకు మార్చిన బిల్లులు అడగండి. ఇంతకుముందు ఎవరైనా మ్యాప్ వేశారేమో ట్యూనర్ దగ్గర స్కాన్ చేయించండి. బిల్లులు లేవంటే ఆ ఆయిల్ మార్పు ఖర్చును బేరంలో తగ్గించి అడగండి.