‘యూనివర్సల్’ ఆర్‌పీఎం మీటర్ కొనేముందు మీ బండికి సిలిండర్లెన్నో చూసుకోండి

‘అన్ని కార్లకూ సరిపోతుంది’ అని అమ్ముతున్న చవక టాకోమీటర్లలో (ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ఆర్‌పీఎం మీటర్లు) చాలావాటికి వెనక స్విచ్‌లో 4, 6, 8 అనే సెట్టింగులే ఉంటాయి. 3 ఉండదు. మన దగ్గర తిరిగే మారుతి 800, ఓమ్ని, ఆల్టో 800, క్విడ్, టియాగో పెట్రోల్ అన్నీ మూడు సిలిండర్లవే. షాపులో అడిగితే ‘నాలుగు మీద పెట్టుకోండి, నడిచిపోద్ది’ అంటారు. నడుస్తుంది, తప్పు చూపిస్తూ!

మీటర్ లెక్కపెట్టేది ఇంజిన్ తిరుగుళ్లను కాదు, ప్లగ్గులకు కరెంటు పంపే ఇగ్నిషన్ కాయిల్ కొట్టే స్పార్కులను. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్‌కు రెండు చుట్లకు ఒక స్పార్క్. అంటే నాలుగు సిలిండర్లయితే చుట్టుకు 2, మూడయితే ఒకటిన్నర. కార్బ్యురేటర్, డిస్ట్రిబ్యూటర్ (ఒకే కాయిల్ స్పార్కును అన్ని ప్లగ్గులకూ పంచేది) ఉన్న పాత 800 ఇంజిన్ 6000 మీద అరుస్తుంటే, 4 మీద పెట్టిన మీటర్ 4500 చూపిస్తుంది. ఇంకా చాలా ఉందిలే అని మీరు యాక్సిలరేటర్ తొక్కుతూనే ఉంటారు. కొనేసినవాళ్లకు ఒక దారి ఉంది: 6 మీద పెడితే సరిగ్గా సగం చూపిస్తుంది, రెండింతలు చేసి చదువుకోవచ్చు. అందుకోసం మీటర్ ఎందుకు అంటే జవాబు లేదు. అదే ప్రీమియర్ పద్మిని లాంటి నాలుగు సిలిండర్ల డిస్ట్రిబ్యూటర్ బండికయితే ఈ మీటర్ చక్కగా పనిచేస్తుంది.

ప్లగ్గుకో కాయిల్ ఉన్న కొత్త బళ్లలో ఇది ఇంకా దండగ. ఒక కాయిల్ నుంచి సిగ్నల్ తీస్తే రెండు చుట్లకు ఒక్క పల్సే వస్తుంది. నిజం 3000 అయితే 4 సెట్టింగు మీద 750 కనిపిస్తుంది. పైగా ఇగ్నైటర్ (కాయిల్ కరెంటును ఆన్-ఆఫ్ చేసే స్విచ్) కాయిల్ లోపలే ఉంటే బయట దొరికేది ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, పంపే తక్కువ వోల్టేజి సిగ్నలే. చవక మీటర్లు చాలావరకు దాన్ని పట్టుకోలేవు. ఆ వైరును గీకి జాయింట్ వేస్తే మిస్‌ఫైర్ కొనితెచ్చుకున్నట్టే, వారంటీ గొడవ అదనం. ఇలాంటి బళ్లకు ఓబీడీ సాకెట్‌లో (మెకానిక్ స్కానర్ పెట్టే చోటు) గుచ్చే మీటర్ మేలు, ఒక్క వైరూ కొయ్యక్కర్లేదు. కాకపోతే ఆ సాకెట్‌కు తాళం తీసినా కరెంటు ఉంటుంది, బండి రోజుల తరబడి ఆపితే పీకేయండి. డీజిల్ బండికి స్పార్కే లేదు కాబట్టి బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌లో తిరిగే వేగాన్ని బట్టి పల్సులిచ్చే ‘డబ్ల్యూ’ టెర్మినల్‌తో పనిచేసే, సర్దుబాటు ఉన్న మీటరే కావాలి.

ఇక బిగించడంలో జరిగే తప్పులు. మామూలుగా మీటర్ వైర్లలో ఎరుపు ఇగ్నిషన్ 12 వోల్టులకు, నలుపు ఎర్త్‌కు, ఆకుపచ్చ కాయిల్ నెగటివ్‌కు, తెలుపు పార్క్ లైటుకు వెళ్తాయి. అయితే చవక సరుకులో రంగులను నమ్మొద్దు, డబ్బాలోని కాగితం చూడండి. కాగితమే లేకపోతే వెనక్కి పంపేయండి. ఎరుపును నేరుగా బ్యాటరీకి ఇస్తే తాళం తీసినా మీటర్ కరెంటు లాగుతూనే ఉంటుంది. తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఫ్యూజు దగ్గర, మల్టీమీటర్‌తో చూసుకుని, 1 లేదా 2 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి తీసుకోండి. చాలా కిట్లలో ఆ ఫ్యూజు ఇవ్వరు.

అన్నిటికంటే ప్రమాదం ఆకుపచ్చ వైరుతో. ఇంజిన్ గదికీ డ్యాష్‌బోర్డుకూ మధ్య రేకు కన్నంలోంచి రబ్బరు గ్రోమెట్ లేకుండా లాగితే, అంచుకు రాసుకుని తోలు ఊడి బాడీకి తగులుతుంది. కాయిల్ నెగటివ్ ఎర్త్ అయిందంటే స్పార్క్ ఆగుతుంది, హైవే మీద ఉన్నా సరే ఇంజిన్ అక్కడికక్కడే ఆగిపోతుంది, కాయిల్ కూడా వేడెక్కుతుంది. కిట్‌తో వచ్చే వెంట్రుక లాంటి వైరు పక్కన పడేసి 0.75 చదరపు మిల్లీమీటర్ల ఆటో వైరు వాడండి. ఎగ్జాస్ట్‌కూ ప్లగ్ వైర్లకూ దూరంగా తీసుకెళ్లండి.

కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండిలో అద్దం పక్క స్తంభానికి మీటర్ బిగించొద్దు, ఎడమ డ్యాష్ మీద ఎయిర్‌బ్యాగ్ మూతకూ అంతే.

వైర్లు కోసిన మీటర్‌ను అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోరు. అందుకే ముందు క్రొకడైల్ క్లిప్పులతో తాత్కాలికంగా కలిపి, పది నిమిషాలు ఇంజిన్ నడిపి, ముల్లు ఎగిరెగిరి పడుతోందా, స్లో మీద ఎంత చూపిస్తోంది అన్నది వీడియో తీసిపెట్టుకోండి. మూడు సిలిండర్ల బండికి 4 మీద పెట్టిన మీటర్ స్లో మీద 600 దగ్గర చూపిస్తున్నా ఇంజిన్ వణక్కుండా నడుస్తుంటే, తప్పు ఇంజిన్‌ది కాదు, మీటర్ సెట్టింగుది.