యూనివర్సిటీ గెస్ట్‌హౌస్: గదికి వంక లేదు, కౌంటర్ సంగతే చెప్పాలి

కాన్ఫరెన్సుకు వచ్చి రెండు రాత్రులు పడుకుని వెళ్ళేవాళ్ళకు మా గెస్ట్‌హౌస్ గురించి తెలుసుకోవాల్సింది పెద్దగా ఏమీ లేదు. నెలల తరబడి ఉండే విదేశీ పరిశోధకులను పిలవాలనుకునే టీచర్ల కోసం ఇది రాస్తున్నాను. యూనివర్సిటీ హైదరాబాద్‌లోదే. పేరు అక్కర్లేదు, ఇలాంటివన్నీ ఇంచుమించు ఒకే అచ్చు.

2024 జనవరిలో జర్మనీ నుంచి ఒక పరిశోధకురాలు మా హిస్టరీ డిపార్ట్‌మెంట్‌కు వచ్చారు. తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో మొగలుల కాలం నాటి ఫార్సీ కాగితాలు చదవడం ఆవిడ పని. ఏడాది రీసెర్చ్ వీసా. పిలిచింది నేను కాబట్టి ఆవిడ మంచిచెడ్డలు నా మీదే.

గది విశాలంగా ఉంది. పరుపు బాగుంది, దుప్పట్లు ఉతికినవి, దోమలు రాకుండా కిటికీకి జాలీ కొట్టించారు. గీజర్ స్విచ్ మాత్రం బాత్రూమ్ బయట, బీరువా వెనక ఉంది. చెయ్యి దూర్చి తడుముకుంటే గానీ దొరకదు. అసలు లోటు వేరే ఉంది: చదువుకునే మనిషికి బల్ల లేదు. గాజు టీపాయ్, దాని మీద ప్లాస్టిక్ పువ్వులు. అదేమిటని అడిగితే, "ఇంతవరకు ఎవరూ అడగలేదు మేడమ్" అన్నారు. సెమినార్ హాల్ నుంచి ఒక బల్ల మోయించుకొచ్చాం. వైఫైతో ఏ గొడవా లేదు. క్యాంపస్‌లో ఎడ్యురోమ్ (చాలా దేశాల యూనివర్సిటీలు కలిసి వాడుకునే వైఫై) ఉంది కాబట్టి ఆవిడ తన యూనివర్సిటీ లాగిన్‌తోనే కనెక్ట్ అయిపోయారు.

మెస్‌కు పూర్తి మార్కులు. వంటమ్మ మొదటి రోజు ఆవిడ ముఖం చూసి, మర్నాటి నుంచి తాలింపు పెట్టకముందే పప్పు ఒక గిన్నెలోకి విడిగా తీసి, దానికి నెయ్యి, జీలకర్రతో చిన్న పోపు వేసేది. ఎవరూ చెప్పలేదు. "ఇంత దూరం వచ్చిన పిల్ల, కడుపు మండితే ఏం చదువుతుంది చెప్పండమ్మా" అంది నాతో. ఆ పిల్లకు నలభై దాటాయి. రెండో నెలకల్లా ఆవిడే గోంగూర అడగడం మొదలుపెట్టారనుకోండి. ఆదివారం రాత్రి మెస్ ఉండదు, ఆ సంగతి ఏ బోర్డు మీదా రాసి ఉండదు.

ఇక కౌంటర్. విదేశీయులు ఎక్కడ బస చేసినా, బస ఇచ్చినవాళ్ళు 24 గంటల్లో ఆ అతిథి వివరాలతో ఫారం సి ప్రభుత్వానికి ఆన్‌లైన్‌లో పంపాలి (2025లో వచ్చిన కొత్త నిబంధనల్లో దీని పేరు ఫారం III). స్టార్ హోటలైనా, గెస్ట్‌హౌసైనా, చివరికి మన ఇంట్లో పెట్టుకున్నా తప్పదు. చిన్న లాడ్జీలు చాలావరకు విదేశీయులకు గది లేదనేది ఈ తలనొప్పి పడలేకే. వీసా 180 రోజులు దాటితే అతిథి కూడా వచ్చిన 14 రోజుల్లోపు ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓలో, అంటే విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసులో, రిజిస్టర్ చేసుకోవాలి. 2018లో దాని ఆన్‌లైన్ పోర్టల్ ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ వచ్చాక ఆఫీసు చుట్టూ తిరిగే పని చాలావరకు పోయింది, పాస్‌పోర్టు, వీసా, ఫొటో, యూనివర్సిటీ బోనఫైడ్, ఉంటున్న చోటికి రుజువు అప్‌లోడ్ చేస్తే సరిపోతుంది. ఆ రుజువు మనం పంపే ఈ ఫారమే. అది పడకపోతే మిగతావన్నీ చేతిలో ఉన్నా ఫైలు కదలదు.

మా గెస్ట్‌హౌస్‌లో ఆ ఫారం పంపే లాగిన్ పాస్‌వర్డ్ తెలిసింది ఒకే ఒక్కరికి, రిసెప్షన్‌లో పగటి డ్యూటీ చేసే అబ్బాయికి. మా అతిథి దిగింది సంక్రాంతికి రెండు రోజుల ముందు. అబ్బాయి అప్పటికే కోనసీమ బస్సెక్కేశాడు. కౌంటర్‌లో ఉన్న పెద్దాయన మర్యాదగా రిజిస్టర్ తీసి, పేరు, ఊరు, తండ్రి పేరు రాయించుకుని, జిరాక్స్ కాపీ ఫైల్లో పెట్టి, "అయిపోయిందమ్మా" అన్నారు. ఏం అయిపోయింది? యూనివర్సిటీలో విదేశీయుల వ్యవహారాలు చూసే ఇంటర్నేషనల్ సెల్‌కు ఫోన్ చేస్తే అది గెస్ట్‌హౌస్ పని అన్నారు. గెస్ట్‌హౌస్ ఇన్‌ఛార్జిని అడిగితే పండగ వెళ్ళాక చూద్దామన్నారు. 24 గంటల పనికి పండగ తర్వాతేమిటి!

చివరికి ఆ అబ్బాయికే ఫోన్ చేశాను. "టెన్షన్ పడకండి మేడమ్, పాస్‌పోర్టు, వీసా పేజీలు వాట్సాప్ చేయండి" అన్నాడు. అమలాపురంలో ఒక నెట్ సెంటర్లో కూర్చుని సాయంత్రానికి పంపేశాడు. వెనకాల ఎవరో గాలిపటాల దారం కోసం కొట్లాడుకుంటున్నారు, అవతల నుంచి అదీ వినిపిస్తోంది. అతనికి ఎన్ని మార్కులు వేసినా తక్కువే. కానీ అది గెస్ట్‌హౌస్ ఖాతాలో వేయలేను. ఒక మనిషి మంచితనం మీద నడుస్తున్న దాన్ని ఏర్పాటు అంటామా?

ఇంటర్నేషనల్ సెల్‌ను పూర్తిగా తీసిపారేయను. వీసాకు కావాల్సిన అఫిలియేషన్ లెటర్ అడిగిన వారంలోనే ఇచ్చారు, బోనఫైడ్ కూడా అంతే. మనిషి దిగాక మాత్రం వాళ్ళు కనిపించరు. గది అద్దె కట్టే పోర్టల్‌కు ఇండియా నంబరుకు వచ్చే ఓటీపీ కావాలి. విదేశీయులకు సిమ్ చేతికొచ్చినా యాక్టివేట్ కావడానికి టైమ్ పడుతుంది. అందాకా అద్దె నా ఫోన్ నుంచే వెళ్ళింది. ఆటోకు ఫోన్‌పే లేక ఆవిడ పర్సు నిండా పది రూపాయల నోట్లు పెట్టుకుని తిరిగేవారు. మెట్రో తార్నాక దాకా ఉండబట్టి బతికిపోయాం.

పిలవాలనుకునేవాళ్ళు గది బుక్ చేసేటప్పుడే ఈ ఫారం ఎవరు పంపుతారో పేరుతో సహా అడగండి. పంపాక వచ్చే కాపీ మీరూ ఒకటి దాచుకోండి. మధ్యలో వేరే చోటికి మారితే అక్కడివాళ్ళు మళ్ళీ పంపాలి. అది అతిథికి ముందే చెప్పాలి.

గదికి నాలుగు, మెస్‌కు ఐదు, కౌంటర్‌కు రెండు. జులైలో ఇంకొకరు వస్తున్నారు, ఇక్కడే బుక్ చేశాను. పాస్‌వర్డ్ ఇప్పుడు ముగ్గురి దగ్గర ఉందని ఇన్‌ఛార్జి అన్నారు. ఆ ముగ్గురూ సెలవు పెట్టే తేదీలు రాయించుకుని వచ్చాను.