వడ్డీరేటు పాఠం అద్భుతం, మన ఇంటి అప్పుకు అతకదు: ఆర్థిక పాడ్‌కాస్టులు ఏళ్ల తరబడి విన్నాక

వడ్డీరేట్లు ఎందుకు పెరుగుతాయో, ఎందుకు తగ్గుతాయో ఇంగ్లిషు ఆర్థిక పాడ్‌కాస్టులంత తేటగా చెప్పేవాళ్లు నాకింకా దొరకలేదు. పెరిగాక మన ఈఎంఐ ఏమవుతుందన్న చోటికి వచ్చేసరికి మాత్రం అదే పాఠం విజయనగరంలో ఇల్లు కట్టుకున్నవాణ్ణి తప్పుదారి పట్టిస్తుంది. ఇన్నేళ్లు విన్నా ఈ ఒక్క విషయంలో వాటిమీద నా కోపం తగ్గలేదు.

నేను వినేవి మూడు: ప్లానెట్ మనీ, ది ఇండికేటర్ అమెరికా ప్రజా రేడియో ఎన్‌పీఆర్‌వి, ఎకాన్‌టాక్ ఆర్థికవేత్త రస్ రాబర్ట్స్ నడిపే ముఖాముఖి. నేరుగా అసలు గొడవలోకి వస్తాను.

అమెరికాలో ఇంటి అప్పంటే ఎక్కువగా 30 ఏళ్లపాటు మారని వడ్డీ. అందుకే 2022లో అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడ్ రేట్లు పెంచుతున్నప్పుడు ఆ కార్యక్రమాల సారాంశం ఒకటే: పాత అప్పున్నవాళ్లకు బెంగ లేదు, కొత్తగా కొనేవాళ్లకే కష్టం. ఇక్కడ అలా కుదరదు. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే మారే వడ్డీ ఇంటి అప్పులన్నీ బయటి ప్రామాణిక రేటుకు, ఎక్కువగా రెపోకు (రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీరేటుకు), ముడిపడి ఉంటాయి. మూడు నెలలకు ఒకసారైనా వడ్డీని సవరించాలి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రిజర్వు బ్యాంకు రెపోను 4 శాతం నుంచి 6.5కు తీసుకెళ్లింది. ఆ దెబ్బ పాత అప్పులకూ తగిలింది.

తగిలినట్టు చాలామందికి తెలియలేదు. ఎందుకంటే ఖాతాలోంచి కట్ అయ్యే మొత్తం మారలేదు, వెనక గడువు పెరుగుతూ పోయింది. లెక్క చూడండి. 20 లక్షలు, 7 శాతం, 20 ఏళ్లు అయితే ఈఎంఐ 15,506 రూపాయలు. మొదట్లోనే వడ్డీ 8.5 అయి, ఈఎంఐ అదే ఉంచితే 240 నెలల అప్పు 347 నెలలవుతుంది. అంటే దాదాపు 29 ఏళ్లు. వడ్డీ 9.5కు చేరితే ఒక్క నెల వడ్డీయే 15,833. కట్టేది వడ్డీకే చాలదు, అసలు తరగకపోగా పెరుగుతుంది. దాన్ని 20 ఏళ్లలోనే తీర్చాలంటే ఈఎంఐ సుమారు 18,643 కావాలి. ఉద్యోగ విరమణకు పదిహేనేళ్లే ఉన్న ఉపాధ్యాయుడికి ఈ గడువు సంగతి ఏ అమెరికా కార్యక్రమమూ చెప్పదు. చెప్పాల్సిన అవసరం వాళ్లకు లేదు కూడా.

2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ఇక్కడ మనకు ఆయుధం. వడ్డీ సవరించేటప్పుడు ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా, కొంత అదీ కొంత ఇదీనా అన్న ఎంపిక అప్పు తీసుకున్నవాడికి ఇవ్వాలి. ఇప్పటిదాకా జమైన అసలు ఎంత, వడ్డీ ఎంత, మిగిలిన వాయిదాలెన్ని, వడ్డీరేటెంత అన్నవి చూపే పత్రం ప్రతి మూడు నెలలకూ అందుబాటులో ఉంచాలి. బ్రాంచికి వెళ్లి ముందుగా అడగాల్సింది ఆ పత్రమే. అందులో వాయిదాల సంఖ్య ఒక్కటి చూస్తే చాలు, సంగతి తెలిసిపోతుంది.

రేట్లు తగ్గినప్పుడు "రీఫైనాన్స్ చేయండి", అంటే తక్కువ వడ్డీకి కొత్త అప్పు తీసుకుని పాతది తీర్చేయండి, అన్న ఆ పాడ్‌కాస్టుల సలహా కూడా అలాంటిదే. రెపోకు ముడిపడ్డ అప్పైతే తగ్గుదల తనంతట తానే వస్తుంది. 2025 ఫిబ్రవరి నుంచి జూన్ మధ్య రెపో 6.5 నుంచి 5.5కు దిగినప్పుడు జరిగింది అదే. మీ అప్పు ఇంకా పాత ఎంసీఎల్ఆర్‌లోనో బేస్ రేటులోనో (బ్యాంకు తన ఖర్చును బట్టి తానే లెక్కగట్టుకునే రేట్లు) ఉంటే మాత్రం రెపోలోకి మార్చమని కాగితం పెట్టుకోవాలి. మార్పిడి రుసుము ఎంతో ముందే అడగండి. చేతిలో డబ్బుంటే అసలులో కొంత ముందే కట్టేయండి. సొంతానికి తీసుకున్న మారే వడ్డీ ఇంటి అప్పుకు దానిమీద జరిమానా వేయకూడదు.

ధరల పెరుగుదల గురించి చెప్పేటప్పుడూ ఇలాంటి చిక్కే ఉంది. తిండినీ ఇంధనాన్నీ తీసేసిన "కోర్" అంకె చుట్టూ వాళ్లు గంటలు గంటలు మాట్లాడతారు. 2012 ఆధార సంవత్సరపు మన వినియోగ ధరల సూచీలో తిండి, పానీయాల వాటాయే 45.86 శాతం ఉండేది. టమాటా ధర పక్కన పెట్టి శ్రీకాకుళంలో ఇంటి ఖర్చు లెక్కేస్తే ఏం మిగులుతుంది?

కోపంగా ఇంత చెప్పాను గానీ, ఊహించని మేలు ఒకటి ఉంది. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు గల్ఫ్ డబ్బు మీద నడిచే ఇళ్లకు ఫెడ్ వార్తలు నిజంగా పనికొస్తాయి. ఫెడ్ నిర్ణయాలను బట్టి డాలరు బలం మారుతుంటుంది, యూఏఈ దిర్హమ్ ఏమో 1997 నుంచి ఒక డాలరుకు 3.6725 దిర్హమ్‌ల లెక్కన కట్టుబడి ఉంది. డాలరు 83 రూపాయల నుంచి 85కు వెళ్తే దిర్హమ్ 22.60 నుంచి 23.15 దాకా వస్తుంది. నెలకు 2,000 దిర్హమ్‌లు పంపే ఇంటికి దాదాపు 1,090 రూపాయల తేడా. డాలరు ఎందుకు బలపడుతుందో ఇండికేటర్‌లో పది నిమిషాల్లో అర్థమవుతుంది. ఆఫ్రికా నుంచి పచ్చి జీడిపిక్కలు తెప్పించుకునే పలాస వ్యాపారులకూ ఇదే పాఠం, అయితే వాళ్లకు లాభం ఉన్నది రూపాయి బలపడినప్పుడు.

తేటగా చెబుతారని మొదట అన్నాను. ఆ తేటదనం కథకే, అంకెకు కాదు. చెవిన పడ్డ శాతాలు బస్సు దిగేలోపే జారిపోతాయి. అంకెలున్న భాగానికి రాతప్రతి (ట్రాన్‌స్క్రిప్ట్) తెరిచి పెట్టుకోవాలి, ఎకాన్‌టాక్ వాళ్లు నిమిషాల గుర్తులతో సహా ఇస్తారు. యాస అందకపోతే వేగం 0.8కి తగ్గించండి. మన చీటీపాటల గురించి ఇవి చెప్పగా నేను వినలేదు. తెలుగు కార్యక్రమాలు చెబుతాయి గానీ, మధ్యలో బీమానో మ్యూచువల్ ఫండో అంటగట్టేవి చాలా ఉన్నాయి. ఫలానాది కొనమని పేరుపెట్టి సలహా ఇస్తే, షేర్లు, ఫండ్ల మార్కెట్లను నియంత్రించే సెబీ ఇచ్చిన నమోదు సంఖ్య అడగండి. సలహాదారుదైతే ఐఎన్ఏతో, పరిశోధకుడిదైతే ఐఎన్‌హెచ్‌తో మొదలవుతుంది. ఏఆర్ఎన్ సంఖ్య చూపిస్తే అతను ఫండ్లు అమ్మే పంపిణీదారు.

ఇంగ్లిషు వినగలిగి, నెలజీతం ఉండి, రెపో అప్పు నడుస్తున్నవాళ్లకు ఇండికేటర్ రోజూ సరిపోతుంది, పక్కన రిజర్వు బ్యాంకు రెండు నెలలకోసారి ఇచ్చే పరపతి విధాన ప్రకటన పెట్టుకుంటే. ఎకాన్‌టాక్ గంట సేపుంటుంది, తీరిక ఉంటేనే. సొమ్మంతా పొలంలో, బంగారంలో, చీటీల్లో ఉన్న ఇంటికి నేనైతే వీటిని మొదట చెప్పను.