వీణ ముందు ఆరేళ్లు: షూర్ ఎస్‌ఎం57 మైకు

విజయనగరంలో మా ఇల్లు రైలు పట్టాలకి రెండు వీధుల అవతల ఉంటుంది. తెల్లవారుజామున నాలుగున్నరకి గూడ్సు బండి కూత, ఐదింటికి పాలవాడి మోటార్ సైకిలు. మే నెలైతే వీటన్నిటికంటే ముందు వేపచెట్టు మీద కోయిల. ఈ ఇంట్లోనే ఆరేళ్లుగా వీణ రికార్డు చేస్తున్నాను. ఎక్కువభాగం డల్లాస్‌లోనూ మెల్‌బోర్న్‌లోనూ ఉన్న నా శిష్యులకి పంపే పాఠాలు. మనసు నిలిచిన రోజున నాకోసం కాస్త తోడి, కాస్త తానం. దాదాపు ఇన్నేళ్లూ వాడింది ఒకటే మైకు, షూర్ ఎస్‌ఎం57.

ఈ మైకు 1965లో వచ్చింది. గిటారు యాంప్లిఫయర్ల ముందూ డ్రమ్ముల ముందూ పెట్టడానికి పేరుపడింది. అమెరికా అధ్యక్షులు ప్రసంగించే బల్ల మీద ఏళ్ల తరబడి కనిపిస్తున్న మైకు కూడా ఇదే. వీణకి మాత్రం దీన్ని ఎవరూ చెప్పరు, సన్నటి చప్పుళ్లని కూడా పట్టే కండెన్సర్ రకం మైకు కొనుక్కోమంటారు. నేనూ మొదట ఒక స్నేహితురాలి కండెన్సరే తెచ్చి వాడాను. వీణ ఎంత నిగనిగలాడుతూ వినిపించిందో, పక్కింటి గ్రైండరూ అంత స్పష్టంగా పడింది. ఫ్యాను ఆపినా, కిటికీలకి దుప్పట్లు కట్టినా, ఒక్క పల్లవి కూడా శుభ్రంగా దక్కలేదు.

57 డైనమిక్ రకం మైకు, అంటే కండెన్సర్ అంత సున్నితం కాదు. అది బయటి మోతని మాయం చేస్తుందని కాదు. దీన్ని వీణకి జానెడు దూరంలో పెట్టుకుంటాం కాబట్టి వీణ పెద్దగా, మోత చిన్నగా పడతాయి. పైగా ఇది వెనకవైపు నుంచి వచ్చే శబ్దాన్ని బాగా తగ్గిస్తుంది. అందుకే మైకు వీపు కిటికీ వైపుకి వచ్చేలా కూర్చుంటాను. కోయిల ఇప్పటికీ వినిపిస్తుంది, కానీ దూరంగా, వీణకి అడ్డం రాకుండా.

ఇక ఎక్కడ పెట్టాలన్నది. నాకు ఆర్నెల్లు పట్టింది ఇక్కడే. మైకుని నేరుగా గుర్రం (కుండ మీద తీగలు ఆనే వంతెన) మీదకి తిప్పితే ఇత్తడి మోగినట్టు ఉంటుంది. దండి మీద మెట్ల వైపు తిప్పితే గోరు తీగని తాకిన చప్పుడూ, వేలు జారిన చప్పుడూ ముందుకొస్తాయి. ఈ మైకుకి ఆరువేల హెర్ట్జ్ చుట్టుపక్కల ఒక ఎత్తు ఉంది, అంటే ఆ సన్నటి శబ్దాలని కాస్త పెంచి పడుతుంది, గోటి చప్పుడు దానితో ఇంకా పదునెక్కుతుంది. చివరికి నాకు కుదిరిన చోటు ఇది: కుండకి (వీణ గుండ్రటి బుర్రకి) ముందు, గుర్రానికి కాస్త దిగువన, జానెడు దూరంలో, సూటిగా కాకుండా ఏటవాలుగా. అలా పక్కకి తిప్పగానే పదును తగ్గి పనస చెక్క మాట్లాడటం మొదలుపెట్టింది. నా వీణ బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేసిన ఏకాండి వీణ. కుండా దండీ ఒకే మానులోంచి తొలిచినవి. మంద్రం తీగ మీటినప్పుడు ఒళ్లో తెలిసే ఆ గుమ్మనడం రికార్డులో మొదటిసారి విన్న రోజు, ఆ ఒక్క స్వరాన్నే ఇరవైసార్లు వేసుకుని విన్నాను.

ఇబ్బంది లేకపోలేదు. డైనమిక్ మైకుల నుంచి వచ్చే సిగ్నల్ సహజంగానే చిన్నది, వీణేమో మెత్తటి వాయిద్యం. రెండూ కలిస్తే గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు) అరవై డెసిబెళ్ల దాకా కావాలి. నా దగ్గరున్న చవక ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటరుకి కలిపే పెట్టె) యాభై దాటేసరికి సుయ్‌మంటుంది. గమకం చివర నాదం సన్నబడుతూ ఆగిపోయే చోటే వీణ అందమంతా ఉంది, ఆ సుయ్ కూర్చునేదీ సరిగ్గా అక్కడే. రెండేళ్లు దానితో వేగాను. సాఫ్ట్‌వేర్‌లో తుడిస్తే నాదం తోక కూడా తెగిపోయేది. చివరికి మైకుకీ ఇంటర్‌ఫేస్‌కీ మధ్య తగిలించే చిన్న ప్రీయాంప్ కొన్నాను. అది ఇంటర్‌ఫేస్ మైకు కేబుల్ గుండా ఇచ్చే 48 వోల్టుల కరెంటుతో (ఫాంటమ్ పవర్) నడిచి పాతిక డెసిబెళ్ల దాకా కలుపుతుంది. ఆ సమస్య అంతటితో తీరింది. వీణ, సితార్, స్వరమండలం లాంటివి వాయించేవాళ్లు 57 కొంటే ఈ ఖర్చు కూడా మొదటే లెక్కలో వేసుకోండి. గాత్రానికీ మృదంగానికీ అక్కర్లేదు.

నకిలీల సంగతి చెప్పి తీరాలి. నేను మొదట కొన్నది అసలుది కాదు. పెట్టె, సంచీ, కాగితాలు అన్నీ ఉన్నాయి. చేతిలోకి తీసుకుంటే ఏదో తేలిగ్గా అనిపించి, మా వీధి చివర బంగారం కొట్టులో తూకం వేయించాను. కంపెనీ చెప్పే బరువు 284 గ్రాములు. నాది ముప్పై గ్రాములకు పైగా తక్కువ తూగింది. అమ్మినవాళ్లు డబ్బు వెనక్కివ్వడానికి నెలన్నర తిప్పారు. మార్కెట్ ధరకి సగంలో దొరికితే దాని జోలికి పోకండి.

మరో తిప్పలు కరెంటుది. లాప్‌టాప్ చార్జర్ పెట్టి ఉంటే సన్నగా బొంయ్‌మనే 50 హెర్ట్జ్ హోరు పడేది. మైకుని అనుమానించి కేబుళ్లు మార్చాను. కారణం గోడలోని ప్లగ్‌కి ఎర్త్ సరిగా లేకపోవడం. ఎలక్ట్రీషియన్ వచ్చి సరిచేసేదాకా బ్యాటరీ మీదే రికార్డు చేశాను.

గట్టిదనంలో దీనికి సాటి లేదు. స్టాండుతో సహా రెండుసార్లు గచ్చు మీద పడింది, జాలీ కొద్దిగా సొట్టపోయింది తప్ప నాదంలో తేడా లేదు. ఇదే మైకుతో మామ్మ చేత పాత మంగళహారతులు పాడించాను. "ఇదేటే, అప్పడాల కర్రలా ఉంది, దీంట్లోకి పాడాలా?" అని నవ్వింది. ప, బ అక్షరాల దగ్గర గాలి కొట్టకుండా స్పాంజి తొడిగాను. ఎనభై దాటిన గొంతు, ఎదురుగా కూర్చుని వింటున్నట్టే పడింది.

మొన్న మార్చిలో వీణ చేసినాయన విజయనగరం వస్తే మా ఇంటికి పిలిచి, హెడ్‌ఫోన్లు పెట్టి ఒక కేదారగౌళ ఆలాపన వినిపించాను. కళ్లు మూసుకుని మొత్తం విన్నారు. బాగుందనో బాగోలేదనో అంటారని చూస్తున్నాను. "అమ్మా, పై స్థాయిలో ఒక మెట్టు దగ్గర మైనం వదిలింది. మధ్యమం పలికినప్పుడల్లా సన్నగా జిరజిరమంటోంది, విన్నారా?" అన్నారు. నేను వినలేదు. రోజూ వాయిస్తూ కూడా వినలేదు. వీణ తీసి మెట్టు మీద వేలుపెట్టి నొక్కితే నిజంగానే కదిలింది.

ఎండలు ముదిరి మిగతా మైనం మెత్తబడకముందే మేళం కట్టించాలి, అంటే మెట్లన్నీ మైనంలో తిరిగి అమర్పించాలి. ఆదివారం వీణ తీసుకుని గొల్లపల్లి వెళ్తున్నాను. మైకు కూడా పట్టుకు రమ్మన్నారాయన.